చదరంగపు గడులు – పావులూరి మల్లన లెక్క

ఇంకొల్లునకు సమీపమున పావులూరను గ్రామము కలదు. అది 1970 వఱకు గుంటూరు జిల్లాలోను, పిదప ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. మహావీరాచార్యుల సంస్కృత గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చిన పావులూరి మల్లన యింటిపేరు ఈ యూరి పేరే. ఆయనదిగా ప్రసిద్ధి కెక్కిన యొక పద్యములో ఇరువది యంకెల సంఖ్య యొకటి యిమిడియున్నది. దానిని గూర్చియే నేడు ముచ్చటింప నెంచితిని.

చదరంగపు బల్లకు 64 గడులు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు. ఇట్లు రెట్టించుచు పోయినచో మొత్త మెంత? 1,84,46,74,40,73,70,95,51,615. వేయి బియ్యపు గింజలు ఇరువది గ్రాములు తూగుననుకొన్నను, ఈ రాశి నేటి ప్రపంచపు వరిపంట సుమారు ఏడువందల యేండ్లు కూడినంత యగును.

రెట్టింపు మొదట మెల్లగా నడచును, అందుచేతనే మోసగించును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీని యేటేట అసలులో కలిపి పత్రము తిరుగ వ్రాసినచో, మిరపతోటకు తెచ్చిన నూఱు రూపాయలు నాల్గవ యేడు నిండకమునుపే రెట్టింపగును. ముప్పదిమూడేండ్లకు లక్ష దాటును. ఇదియు చదరంగపు లెక్కయే, గడులు మాత్రము పది.

అఱువదినాలుగు మాఱులు కూడ నక్కఱలేదు. ఒకటి, రెండు, నాలుగు కలిసిన ఏడు. తరువాతి గడి యెనిమిదికి ఒకటి తక్కువ. ఎచట ఆపినను ఇంతే. కావున అఱువదియైదవ గడి యున్నచో దానిలో పడవలసిన సంఖ్యను కనుగొని ఒకటి తీసివేసిన చాలును. రెండును వర్గించిన 4, మరల 16, 256, 65,536, 4,29,49,67,296. ఇంకొకసారి వర్గించిన పని ముగిసినది. ఈ త్రోవ పింగళుని ఛందస్సూత్రములందే కలదు.

వర్గమునకు ఒకటి తక్కువైన సంఖ్య రెండు సంఖ్యల గుణితము: 16లో ఒకటి తీసిన 3, 5ల గుణితము, 256లో తీసిన 15, 17ల గుణితము. ఇట్లే పోగా మన సంఖ్యను 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 నిశ్శేషముగా భాగించును. ఈ కడపటిది అవిభాజ్యమని ఫ్రాన్సు దేశపు ఫెర్మా తలచెను. అది 641, 67,00,417ల గుణితమని 1732లో ఆయిలరు చూపెను.

ఇక పద్యమునకు వత్తము. అందు అంకెలు మాటలుగా నుండును: చంద్రు డొకటి, వేదములు నాలుగు, శరము లైదు, గగనము సున్న. చివరి యంకె మొదట చెప్పబడును. లేఖకుడు మాట జాఱవిడిచినచో గణము చెడి పట్టుబడును. కాని చంద్ర యనుచోట రంధ్ర యని వ్రాసినచో గణము చెడదు. ఒకటి మాత్రము తొమ్మిది యగును. అపుడు అంకెలన్నియు కూడుడు. సరియైన మొత్తము 87, మూడుచే తెగును. తప్పుది 95, తెగదు. ఒకటికి మాఱుగా ఏడు పడిన ఈ పరీక్ష చాలదు. అపుడు 17తో భాగింపుడు. తప్పు ఒక్క యంకెలోనే యున్నచో, అది ఏ స్థానమున నున్నను శేషము మిగిలి తీరును.