రంగు పడింది, దీపం ఆరింది!

పాత బుల్లెట్టుకు కొత్త రంగు వేయించారు, పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. తీరా వీధి మలుపులో ఇండికేటరు వెలగదు! వెనుక లారీ. మీరు కుడికి తిరుగుతున్నారని దానికేం తెలుసు?

పాపం, బల్బును తిట్టకండి. చాలా పాతబండ్లలో ఇండికేటరుకు వచ్చే తీగ ఒక్కటే. కరెంటుకు తిరుగుదారి మడ్‌గార్డు రేకే. రంగు ఆ దారి మూసేస్తుంది. బ్యాటరీ తీగ ఊడదీసి, ఇండికేటరు బోల్టు విప్పి, దాని అడుగున పడేచోట మాత్రం రేకు తేలేదాకా ఉప్పుకాగితంతో గీకండి. తీగ కొసన పచ్చని చిలుముంటే అదీ గీకండి. తుప్పు పట్టకుండా కాస్త వాజలీను రాసి బిగిస్తే సరి. గీకినచోటు పైకి కనబడదు, అందం చెడదు.

ఒకవైపు దీపం గబగబా కొట్టుకున్నా, కొట్టుకోకుండా వెలిగి ఊరుకున్నా, సాధారణంగా ఆ వైపు బల్బొకటి పోయి ఉంటుంది. 6 వోల్టుల బండికి 12 వోల్టుల బల్బు పెడితే గుడ్డిగా వెలుగుతుంది. పగటిపూట ఎవరికీ ఆనదు. బాగయ్యేదాకా చెయ్యి చాచి చూపించక తప్పదు.