స్వస్థత సాక్ష్యం చెప్పాక మాత్ర వేసుకోవచ్చా?

ఆపరేషన్ అయింది. కీమోథెరపీ అయింది. రాలిపోయిన జుట్టు మళ్ళీ మొలిచింది. రేడియేషన్ కూడా ముగిశాక ఆ సోదరి ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెబుతుంది, కృతజ్ఞతార్పణ చెల్లిస్తుంది. సంఘమంతా కన్నీళ్ళతో దేవుణ్ణి స్తుతిస్తుంది. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు చీటీ మీద ఒక చిన్న మాత్ర రాసి, రోజుకొకటి చొప్పున అయిదేళ్ళు వాడమంటారు. కొందరికైతే పదేళ్ళంటారు.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. “దేవుడు ముట్టి బాగుచేశాడని చెప్పావు కదమ్మా, ఇంకా ఈ మందులెందుకు?” అని స్త్రీల మైత్రి కూడికలో ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేవారిది చెడ్డ ఉద్దేశం కాదు, ప్రేమతోనే అడుగుతారు. కానీ ఆ మాట విన్న సోదరి ఆ రోజు నుంచి మాత్రల డబ్బాను బియ్యం డబ్బా వెనక దాచుకోవలసి వస్తుంది. లేదా ఎవరికీ చెప్పకుండా మానేసి, డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు మాత్రం “వేసుకుంటున్నానండీ” అంటుంది. సికింద్రాబాదులో క్లాక్‌టవర్ దగ్గరి వెస్లీ చర్చి మొదలుకొని బస్తీల్లోని చిన్న ప్రార్థన మందిరాల వరకు క్యాన్సర్ కోసం ప్రార్థించని సంఘం ఉండదు. కాబట్టి ఈ సంగతిని దాచకుండా మాట్లాడుకోవడం అవసరం.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. దీన్ని ‘హార్మోన్ థెరపీ’ అంటారు గానీ ఇందులో ఒంట్లోకి హార్మోను ఎక్కించరు. ముట్లు ఆగిన తర్వాత కొందరికి ఇచ్చే హార్మోను మాత్రలు వేరు, ఇవి వేరు. ఇవి దానికి పూర్తిగా వ్యతిరేకం. చాలామంది స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఈస్ట్రోజెన్ అనే హార్మోను వచ్చి అతుక్కునే చోట్లు ఉంటాయి. తాళంలో తాళంచెవి పడ్డట్టు ఆ హార్మోను అక్కడ పడితే కణం పెరుగుతుంది. టామాక్సిఫెన్ మాత్ర ముందే వెళ్ళి ఆ తాళంలో కూర్చుంటుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ అనేవి ముట్లు ఆగిన స్త్రీలలో అసలు ఆ హార్మోను తయారు కాకుండానే చూస్తాయి. తీసిన గడ్డను పరీక్షించిన రిపోర్టులో ‘ఇ.ఆర్.’, ‘పి.ఆర్.’ అని రాసి, పక్కన పాజిటివ్ అనో నెగెటివ్ అనో ఉంటుంది. రెండూ నెగెటివ్ అయితే ఈ మాత్రతో ప్రయోజనం లేదు, ఆ సోదరికి ఈ ప్రశ్నే రాదు. పక్కింటామె వాడుతోంది కదా అని తాను వాడడం, పక్కింటామె మానేసింది కదా అని తాను మానడం, రెండూ పొరపాటే.

ఈ మందు పుట్టిన కథ కూడా చిత్రమైనదే. హార్మోనుకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం ఉందని 1896లోనే జార్జి బీట్సన్ అనే స్కాట్లండు వైద్యుడు గుర్తించాడు. అండాశయాలు తొలగిస్తే కొందరిలో గడ్డ కరిగిపోవడం ఆయన చూశాడు. ఆ తర్వాత 1962లో ఇంగ్లండులో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త టామాక్సిఫెన్‌ను తయారుచేసింది. ఆమె బృందం వెతుకుతున్నది గర్భం రాకుండా చేసే మాత్ర కోసం. ఆ పనికి అది బొత్తిగా పనికిరాలేదు, సరికదా స్త్రీలలో అండం విడుదలకు తోడ్పడింది! ఇల్లు కట్టేవారు వద్దని పారవేసిన రాయి సంగతి బైబిలు చదివేవారికి కొత్త కాదు. 1973లో బ్రిటన్‌లో దానిని రొమ్ము క్యాన్సర్‌కు వాడడానికి అనుమతి వచ్చింది. ఈనాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో అది ఉంది. క్యాన్సర్ మందుల్లో ఇంత చవకైనవి తక్కువ.

మరి దానివల్ల మేలెంత? 20 పరీక్షల్లో పాల్గొన్న 21,000 మందికి పైగా స్త్రీల వివరాలను కలిపి చూసిన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. హార్మోను పాజిటివ్ ఉన్నవారు సుమారు అయిదేళ్ళు టామాక్సిఫెన్ వాడితే, ఆ అయిదేళ్ళలో వ్యాధి తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. మొదటి పదిహేనేళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. మాత్ర ఆపేసిన తర్వాత కూడా కొన్నేళ్ళపాటు ఆ రక్షణ కొనసాగింది. ఈ రకం క్యాన్సర్‌కు ఓపిక ఎక్కువ. అయిదేళ్ళు గడిచాయి గదా అని ఊరుకుంటే, ఇరవయ్యేళ్ళ వరకు కూడా ఎప్పుడో ఒకప్పుడు తిరిగి రావచ్చని 2017లో ప్రచురితమైన మరో పెద్ద పరిశీలన చూపింది. అందుకే ‘ఇప్పుడు బాగానే ఉన్నాను కదా’ అన్నది మాత్ర మానడానికి కారణం కాదు. మాత్ర ఇచ్చేదే బాగున్నవారికి, కంటికి కనబడని కణం ఎక్కడైనా మిగిలితే దాని కోసం.

హిజ్కియా రాజు సంగతి ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. ఆయన మరణకరమైన రోగంతో పడి ఉండి, గోడ తట్టు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు ఆ కన్నీళ్ళు చూసి మరి పదిహేనేళ్ళ ఆయుష్షు ఇస్తానని వాగ్దానం చేశాడు. వాగ్దానం వచ్చేసింది, ఇక ఏమీ చేయనక్కరలేదు గదా? కానీ ఆ వెంటనే యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:7). ముద్ద వేయించినందుకు వాగ్దానం మీద నమ్మకం లేదని ఆయన్ని ఎవరూ నిందించలేదు. ముద్ద వేయించినవాడు ప్రవక్తే!

దీనికి ఎదురుగా ఆసా రాజును చూపించేవారుంటారు. పాదాల్లో జబ్బు పుట్టినప్పుడు ఆయన యెహోవాను వెదకక వైద్యులను వెదికాడని లేఖనం చెబుతుంది (2 దినవృత్తాంతములు 16:12). నిజమే. అయితే ఆ అధ్యాయం మొదటి నుంచి చదవాలి. యుద్ధం వచ్చినప్పుడు కూడా దేవుణ్ణి విడిచి సిరియా రాజు మీద ఆనుకున్నవాడు ఆయన. వైద్యుణ్ణి పిలవడం ఆయన తప్పు కాదు, దేవుణ్ణి పిలవకపోవడమే తప్పు. మోకాళ్ళూని మాత్ర వేసుకునే సోదరికి ఆ వాక్యం ఎలా వర్తిస్తుంది?

మన ప్రాంతపు సంఘ చరిత్ర చూసినా ప్రార్థన, మందు ఒకదాన్నొకటి తోసుకోలేదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనెరీ వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠురోగుల కోసం ఆశ్రయం ప్రారంభించింది. అక్కడ ప్రార్థనా జరిగింది, హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లూ జరిగాయి. ఓపికగా, మళ్ళీ మళ్ళీ పొడిపించుకోవలసిన ఇంజెక్షన్లు అవి. ఇక సికింద్రాబాదు పక్కనే బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టినప్పుడు, ఆ ఆనందంలో దేవునికి కృతజ్ఞతగా కవిత రాసుకున్నాడు. ప్రయోగశాలలో కూర్చున్నవాడికి అది అసహజంగా తోచలేదు.

ఇంతవరకు చెప్పినది ఒక పక్క. రెండో పక్క కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఈ మాత్ర సులువైనది కాదు. కీమోథెరపీ కష్టం నలుగురికీ కనబడుతుంది, కాబట్టి అందరూ జాలిపడతారు. ఈ మాత్ర కష్టం ఎవరికీ కనబడదు. నడిరాత్రి ఒంట్లోంచి ఆవిర్లు లేచి, చెమటతో పక్కబట్టలు తడిసి, నిద్ర చెడుతుంది. లెట్రోజోల్ వంటివి వాడేవారికి పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు, కీళ్ళు బిగుసుకుంటాయి, ఎముకలు పలచబడతాయి. మనసు ఊరికే దిగులుపడుతుంది. భార్యాభర్తల మధ్య శరీర సంబంధం బాధాకరమవుతుంది. ఈ చివరిది డాక్టరుకు చెప్పడానికి సిగ్గు, అమ్మగారికి చెప్పడానికి మరీ సిగ్గు. మధ్యలోనే మానేసేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. వారిని విశ్వాసంలో బలహీనులనో బద్ధకస్తులనో అనడం క్రూరత్వం.

టామాక్సిఫెన్‌తో అరుదుగానైనా పెద్ద ప్రమాదాలు రెండున్నాయి. ఒకటి గర్భసంచి క్యాన్సర్, ముఖ్యంగా ముట్లు ఆగినవారిలో. ఆగిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనబడినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. రెండోది కాలి నరంలో రక్తం గడ్డకట్టడం. పిక్క వాచి నొప్పి పుట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా ప్రార్థన కూడిక ముగిసేదాకా ఆగకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి. దిగులుకు వాడే పరోక్సిటిన్, ఫ్లూయాక్సిటిన్ మాత్రలు టామాక్సిఫెన్ పనిని తగ్గించగలవు కాబట్టి ఏ మందు వాడుతున్నా డాక్టరుకు తెలియాలి. నాటు మందూ, హోమియో మందూ దాచకూడదు.

మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కంటే చిన్న వయసులోనే ఎక్కువగా వస్తోంది. కాబట్టి పిల్లలు కావాలనుకునే సోదరీమణులకు ఈ అయిదేళ్ళు మరీ బరువు. టామాక్సిఫెన్ వాడుతుండగా గర్భం ధరించకూడదు, శిశువుకు హాని. అయితే 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో, సుమారు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళు మందు వాడి, ఆ తర్వాత డాక్టర్ల పర్యవేక్షణలో రెండేళ్ళ వరకు ఆపి గర్భం ధరించే ప్రయత్నం చేసిన 500 మందికి పైగా స్త్రీలను గమనించారు. సుమారు మూడున్నరేళ్ళ పరిశీలనలో వారిలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువ కాలేదు. దీర్ఘకాలంలో ఏమవుతుందో ఇంకా చూస్తున్నారు. హన్నాలా కన్నీళ్ళు కార్చే సోదరికి ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత చుట్టూ ఉన్నవారి మీద ఉంది.

వాడాలా వద్దా అన్నది అందరికీ ఒకే జవాబున్న ప్రశ్న కాదు. ‘సగం తగ్గుతుంది’ అన్న మాట విన్నప్పుడు దేనిలో సగమని అడగాలి. ఉదాహరణకు ఒకామెకు తిరగబెట్టే అవకాశం వందకు ముప్ఫై ఉందనుకుందాం, సగం తగ్గితే పదిహేనుగురు తప్పించుకున్నట్టు. మరొకామెకు వందకు నాలుగే అయితే తప్పించుకునేది ఇద్దరే. చంకలో గ్రంథులకు పాకిన నలభయ్యేళ్ళ తల్లికి ఆ మాత్ర ప్రాణం నిలిపేది కావచ్చు. చిన్న గడ్డ తీయించుకుని గుండె జబ్బుతో ఉన్న ఎనభయ్యేళ్ళ మామ్మగారు డాక్టరుతో మాట్లాడి వద్దనుకుంటే అది పాపం కాదు, తెలివితక్కువతనమూ కాదు. నా అభిప్రాయంలో తప్పు ఒక్కటే, ఎవరికీ చెప్పకుండా మానేయడం. చెబితే మార్గాలున్నాయి. ఒక మాత్ర పడకపోతే మరొకటి మార్చవచ్చు. కీళ్ళ నొప్పులకు రోజూ నడక మేలుచేస్తుంది. ఆవిర్లకు హార్మోను కాని మందులున్నాయి.

సికింద్రాబాదులోనే కిమ్స్ ఆసుపత్రిలో రొమ్ము వ్యాధుల కేంద్రం 2007లో మొదలైంది. డాక్టర్ పి.రఘురామ్ దానికి తన తల్లి ఉషాలక్ష్మిగారి పేరు పెట్టారు. ఆమె స్వయంగా గైనకాలజిస్టు, ఈ జబ్బుతో పోరాడినవారు. రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎక్కడ చూపించుకున్నా ఒంటరిగా వెళ్ళకండి. భర్తనో, అక్కనో, సంఘంలో నమ్మకమైన సోదరినో వెంటబెట్టుకుని, ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి: నా రిపోర్టు ప్రకారం తిరగబెట్టే అవకాశం ఎంత? మాత్రతో అది ఎంతకు తగ్గుతుంది? అయిదేళ్ళా, పదేళ్ళా? ఎముకల స్కాను ఎప్పుడు చేయించుకోవాలి? తట్టుకోలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి?

వాడాలని నిర్ణయించుకున్నవారు రోజూ ఒకే వేళకు, ఉదయ ధ్యానమో రాత్రి కుటుంబ ప్రార్థనో ముగియగానే వేసుకుంటే మరపు ఉండదు. ఒక రోజు మరిచిపోతే కంగారుపడి మర్నాడు రెండు వేసుకోకండి, ఒకటే వేసుకోండి. డబ్బా ఖాళీ కావడానికి వారం ముందే చీటీ పట్టుకుని మందుల దుకాణానికి వెళ్ళండి.