ఆటయంత్రముల తరములు

వీడియో గేమ్ కన్సోలు అనగా ఆటలకై ప్రత్యేకముగా నిర్మించిన కంప్యూటరు. సోనీ సంస్థ 2013లో ప్లేస్టేషన్ 4ను, 2020లో ప్లేస్టేషన్ 5ను విడుదల చేసినది. ఈ రెంటికిని గల తరభేదము బొమ్మల సొగసులోనే కాదు, సమాచారము నడచు వేగములోను కలదు.

హైదరాబాదు పాతబస్తీలోని దబీర్‌పురా దర్వాజాను తలచుకొనుడు. లోపలి అంగడి యెంత పెద్దదైనను, సరకు ఆ ద్వారము పట్టినంతే లోనికి వచ్చును. యంత్రములో ఆటను దాచు డిస్కు వెలుపలి గిడ్డంగి, మెమరీ అంగడి. తిరుగుడు డిస్కు సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున అందించినచో, 2 గిగాబైట్లు చేరుటకు 20 సెకన్లు పట్టును. కదిలెడు భాగములు లేని ప్లేస్టేషన్ 5 నిల్వసాధనము సెకనుకు 5.5 గిగాబైట్లు అందింపగలదు. అర సెకను చాలును.

అయితే పెద్ద ఆట తయారగుటకు ఏండ్లు పట్టును. క్రొత్త యంత్రము కొన్నవారు మొదట కొద్దిమందియే. కనుక నిర్మాతలు పలు ఆటలను రెండు తరములకును విడుదల చేయుదురు. 2020 నవంబరు నాటి ‘స్పైడర్‌మ్యాన్: మైల్స్ మొరేల్స్’ అట్టిదే. ఇరుకు ద్వారమునకు తగినట్లు కట్టిన ఆట, వెడల్పు ద్వారమును పూర్తిగా వాడుకొనజాలదు.

పైగా ప్లేస్టేషన్ 4 ఆటలలో చాలా భాగము క్రొత్త యంత్రములోను నడచును. ఇట్లు తరముల నడుమ గోడ పలుచనగుచున్నది. కనుక కొనదలచినవారు పెట్టెమీది అంకెను గాక, ఆ యంత్రమునకే నిర్మించిన ఆటలెన్ని కలవో విచారింపవలెను.