మన ఎండలో వాటర్ కూలింగ్: పార్ట్స్ కంటే ముందు గది టెంపరేచర్ రాసుకోండి

ధరణికోట నుంచి మరో ఎపిసోడ్. ఈసారి టాపిక్ డెస్క్‌టాప్ కంప్యూటర్‌కి కస్టమ్ వాటర్ కూలింగ్ లూప్ ప్లాన్ చేసుకోవడం. అది కూడా ఏసీ లేని గదిలో, మన పల్నాడు ఎండలో. వీడియో చూడటానికి టైం లేనివాళ్ళు ఇది చదువుకుంటే చాలు, లెక్కలన్నీ ఇక్కడే ఉన్నాయి.

సత్తెనపల్లి నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ముహూర్తాలు ఉన్న ఎండాకాలంలో పని ఎక్కువ, సరిగ్గా అప్పుడే సిస్టమ్ వేడెక్కి రెండర్ మధ్యలో ఆఫ్ అయిపోతోంది. "అన్నా, 50 వేలు కూడబెట్టాను. వాటర్ కూలింగ్ పెట్టిస్తే ఇక సమస్య ఉండదు కదా?" అని అడిగాడు. మేడ మీద గది, పైన స్లాబ్, మధ్యాహ్నం 3 గంటలకి గదిలో 42 డిగ్రీలు. ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో సుమారు 120 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 220 వాట్లు. మొత్తం 340 వాట్లు. ఎపిసోడ్ అంతా ఈ లెక్కే పట్టుకుని వెళ్దాం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. నీళ్ళు అనగానే మనకి చల్లదనం గుర్తొస్తుంది. ఎందుకంటే మట్టికుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి, గదిలో ఎయిర్ కూలర్ పెడితే చల్లటి గాలి వస్తుంది. ఆ రెండూ పనిచేసేది నీళ్ళు ఆవిరి కావడం వల్ల. ఆవిరి అయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది. కంప్యూటర్ లూప్ అలా కాదండి. అన్ని వైపులా మూసేసిన సర్క్యూట్ అది. చుక్క కూడా ఆవిరి అవ్వకూడదు. కాబట్టి కుండలో జరిగేది ఇక్కడ జరగదు.

మరి ఏం జరుగుతుంది? చిప్ మీద వాటర్ బ్లాక్ కూర్చుంటుంది. అది రాగి దిమ్మ, లోపల సన్నటి గాడులు ఉంటాయి. పంప్ నీళ్ళని ఆ గాడుల్లోంచి తోస్తుంది, నీళ్ళు వేడిని ఎత్తుకుంటాయి. అక్కడి నుంచి రేడియేటర్‌కి వెళ్తాయి, ఫ్యాన్లు గదిలో గాలిని దాని మీదుగా పంపిస్తాయి, వేడి గాలిలోకి పోతుంది. రిజర్వాయర్ అంటే నీళ్ళు నింపుకోవడానికి, బుడగలు బయటికి రావడానికి ఉన్న చిన్న ట్యాంక్. మొత్తం ఇంతే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో కృష్ణ నీళ్ళు చేసేదీ ఇలాంటి పనే, వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్ళడం. తేడా ఏంటంటే అక్కడ వేడి చివరికి చేరేది నదికి, ఇక్కడ చేరేది మీ గదికి.

అందుకే రూల్ నంబర్ వన్: లూప్‌లో నీళ్ళు గది గాలి కంటే ఎప్పటికీ చల్లగా ఉండవు. గది 42 అయితే నీళ్ళు 42 పైనే.

"నీళ్ళు ఎక్కువ పోస్తే?" అని అడుగుతారు. మామూలు లూప్‌లో పట్టేది సుమారు 1 లీటరు. లీటరు నీటిని 1 డిగ్రీ వేడెక్కించడానికి 4,186 జౌళ్ళు కావాలి. 340 వాట్లంటే సెకనుకి 340 జౌళ్ళు. ఫ్యాన్లు ఆగిపోతే నిమిషానికి దాదాపు 5 డిగ్రీలు ఎక్కుతుంది. 42 దగ్గర మొదలైతే 4 నిమిషాల్లో 60 దాటుతుంది. ఇంకో లీటరు పెంచితే ఇంకో 4 నిమిషాలు వస్తాయి, అంతే. నీళ్ళు వేడిని దాచిపెట్టవు, మోస్తాయి. దాన్ని వదిలించేది రేడియేటర్.

"ఐసు వేస్తే?" ఇది కూడా చాలామంది అడుగుతారు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళు తీసుకుంటుంది. మన 340 వాట్లకి లెక్కేస్తే సుమారు 16 నిమిషాలు. గంట రెండర్‌కి దాదాపు నాలుగు కిలోల ఐసు. పైగా నీళ్ళు గది కంటే చల్లబడితే ట్యూబులకి, బ్లాకులకి బయట చెమట పడుతుంది, ఐసు గ్లాసుకి పట్టినట్టు. ఆ చుక్క మదర్‌బోర్డు మీద పడితే చేతికొచ్చేది రిపేరు బిల్లు. ఐసు ఆలోచన వదిలేయండి.

రేడియేటర్ ఎంత కావాలి?

రేడియేటర్లని ఫ్యాన్ సైజుతో కొలుస్తారు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి పట్టే ముక్కని ఒక సెక్షన్ అనుకుందాం. 240 రేడియేటర్ అంటే 2 సెక్షన్లు, 360 అంటే 3. లూపులు కట్టేవాళ్ళు వాడే మోటు లెక్క ఒకటుంది: ఫ్యాన్లు మధ్యస్థ స్పీడులో తిరుగుతుంటే, నీళ్ళు గాలి కంటే 10 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు, ఒక సెక్షన్ సుమారు 100 వాట్లు వదిలిస్తుంది. తేడా పెరిగితే అదే నిష్పత్తిలో ఎక్కువ వదిలిస్తుంది. రేడియేటర్ మందం, ఫ్యాన్ స్పీడు బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, ప్లానింగ్‌కి మాత్రం ఇది సరిపోతుంది.

ఇప్పుడు తమ్ముడి లెక్క. ఒక 240 రేడియేటర్ పెట్టాడు అనుకుందాం. 340 వాట్లు, 2 సెక్షన్లు, ఒక్కోదానికి 170 వాట్లు. అంటే నీళ్ళు గది కంటే 17 డిగ్రీలు ఎక్కువ ఉంటాయి. చలిదేశంలో 22 డిగ్రీల గదిలో వీడియో తీసినవాడికి నీళ్ళు 39 దగ్గర ఆగిపోతాయి. వాడు "సూపర్, పర్ఫెక్ట్" అంటాడు, నిజమే చెప్తున్నాడు. అదే లూప్ సత్తెనపల్లి మేడ మీద 42 డిగ్రీల గదిలో పెడితే నీళ్ళు 59.

59 ఎందుకు ప్రమాదం? లూపుల్లో ఎక్కువగా వాడే డీ5 పంపుకి లోపలి ద్రవం 60 డిగ్రీలు దాటకూడదు. పెట్‌జీ అనే గట్టి ప్లాస్టిక్ ట్యూబులు ఆ వేడి దగ్గర మెత్తబడతాయి, ఫిట్టింగ్ పట్టు వదిలి జారే అవకాశం ఉంటుంది. అంటే బయటి వీడియో చూసి అదే పార్టుల లిస్ట్ కాపీ కొడితే, అక్కడ బ్రహ్మాండంగా నడిచిన లూప్ ఇక్కడ మే నెలలో లీక్ అంచున నడుస్తుంది. లిస్ట్‌లో తప్పు లేదు. వాళ్ళ గది వేరు, మన గది వేరు. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు విని పెరిగినవాళ్ళం మనం, ఈ ముక్క మనకి ఒకరు చెప్పాలా?

మన దగ్గర తేడాని 7 డిగ్రీలకి అటూ ఇటూ ఉంచేలా ప్లాన్ చేయాలని నా సలహా. అప్పుడు ఒక సెక్షన్‌కి 70 వాట్లు. 340ని 70తో భాగిస్తే దాదాపు 5 సెక్షన్లు. ఒక 360, ఒక 240. నీళ్ళు 49 దగ్గర ఉంటాయి. దాని మీద ప్రాసెసర్ ఇంకో 30, గ్రాఫిక్స్ కార్డు ఇంకో 15 డిగ్రీలు ఎక్కువ అనుకోండి. 79, 64. రెండూ హాయిగా నడుస్తాయి.

49 డిగ్రీల నీళ్ళు చేత్తో ముట్టుకుంటే వేడి కదా, అది చిప్‌ని చల్లబరుస్తుందా అని డౌట్ వద్దు. చిప్ అంతకంటే వేడిగా ఉంటే చాలు. 2012లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర లైబ్‌నిట్జ్ సూపర్ కంప్యూటింగ్ సెంటర్‌లో పెట్టిన సూపర్‌మక్ అనే యంత్రాన్ని 45 డిగ్రీల దాకా ఉన్న గోరువెచ్చని నీటితోనే చల్లబరిచారు. మన దేశంలో 2022లో ఐఐటీ గాంధీనగర్‌లో మొదలైన పరమ్ అనంత సూపర్ కంప్యూటర్‌లోనూ ద్రవంతోనే కూలింగ్.

రేడియేటర్ పెట్టే చోటు కూడా ముఖ్యం. కేస్ లోపలి గాలి గది కంటే ఇంకా వేడి. కాబట్టి కనీసం పెద్ద రేడియేటర్ అయినా బయటి గాలిని లోపలికి లాగేలా ముందువైపు పెట్టండి, దాని ముందు డస్ట్ ఫిల్టర్ పెట్టండి. పత్తి, మిర్చి లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇల్లయితే నెలకోసారి ఫిల్టర్ దులపాల్సిందే. ఇంకొకటి, ఎయిర్ కూలర్ గాలిని నేరుగా సిస్టమ్ మీదకి తిప్పొద్దు. తుంపరతో పాటు ఉప్పు కూడా వచ్చి పట్టుకుంటుంది.

పంపు, పైపులు

పొలంలో మోటారు చూసినవాళ్ళకి ఇది ఈజీ. ఫుట్ వాల్వ్ పోయి మోటారులో గాలి చేరితే నీళ్ళు ఎక్కవు కదా? ఇక్కడా అంతే. రిజర్వాయర్ ఎప్పుడూ పంపు కంటే పైన ఉండాలి, నీళ్ళు వాటంతట అవే పంపులోకి దిగాలి. పొడిగా తిప్పితే పంపు పాడైపోతుంది, ఎందుకంటే లోపలి బేరింగ్‌కి తడి ఆ నీళ్ళే.

ఒక్క విషయంలో మాత్రం పొలం మోటారుకీ దీనికీ తేడా ఉంది. అక్కడ నీళ్ళు ఎంత ఎత్తుకి ఎక్కాలో లెక్కేస్తాం. ఇది మూసిన లూప్, పైకి ఎక్కిన నీళ్ళు అంతే ఎత్తు కిందికి దిగుతాయి. నిండిన తర్వాత ఎత్తు లెక్కలోకి రాదు. బ్లాకుల్లో, వంపుల్లో ఉండే రాపిడిని మాత్రమే పంపు గెలవాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, రెండు రేడియేటర్ల లూప్‌కి ఒక్క డీ5 చాలు.

ముందు ప్రాసెసరా, ముందు గ్రాఫిక్స్ కార్డా అని గొడవ పడొద్దు. నిమిషానికి 4 లీటర్లు తిరిగితే 340 వాట్లకి నీళ్ళు ఒక చుట్టులో పెరిగేది 1.2 డిగ్రీలే. ట్యూబు ఎటు నుంచి తక్కువ వంపులతో వెళ్తే అటు నుంచి వెళ్ళనివ్వండి.

మొదటిసారి కట్టేవాళ్ళు మెత్తటి ట్యూబ్ తీసుకోండి. నల్ల రబ్బరు ట్యూబ్, ఈపీడీఎం అంటారు, వేడికి బాగా తట్టుకుంటుంది. కొనేటప్పుడు ట్యూబ్ లోపలి కొలత, బయటి కొలత రెండూ ఫిట్టింగ్ మీద ఉన్న కొలతలతో కలవాలి. ట్యూబు 10/16 అయితే ఫిట్టింగ్ కూడా 10/16. ఒక్క నంబర్ కలిసిందిలే అని కొంటే పని అవ్వదు. గ్రాఫిక్స్ కార్డు బ్లాక్ అయితే మీ కార్డు కచ్చితమైన మోడల్‌కే రావాలి, ఒకే చిప్ ఉన్నా కంపెనీని బట్టి బోర్డు మారుతుంది. ఒరిజినల్ కూలర్ విప్పితే వారంటీ ఉంటుందో లేదో ముందే చదువుకోండి. లూప్‌లో అన్నిటికంటే కింద ఉన్న చోట ఒక డ్రెయిన్ వాల్వ్ పెట్టండి, నీళ్ళు మార్చే రోజు నాకు థాంక్స్ చెప్తారు.

ఏ నీళ్ళు?

కృష్ణ ఒడ్డునే ఉన్నాం, నీళ్ళకేం కొదవ అనుకోకండి. నది నీళ్ళలో పాచి పెరుగుతుంది, బోరు నీళ్ళలో ఉప్పు బ్లాక్ గాడుల్లో గట్టిగా పేరుకుంటుంది. హీటర్ రాడ్‌కి తెల్లగా పట్టేది చూశారుగా, అదే. మినరల్ వాటర్ క్యాన్ కూడా వద్దు. లూపుల కోసం అమ్మే కూలెంట్ వాడండి, లేదా డిస్టిల్డ్ వాటర్‌లో పాచి పట్టకుండా, తుప్పు పట్టకుండా ఉండే మందు కలిపి వాడండి. ఏడాదికోసారి మార్చండి.

రాగి బ్లాకులు ఉన్న లూప్‌లో అల్యూమినియం రేడియేటర్ కలపొద్దు. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో నీళ్ళు అంటే అది బ్యాటరీ లాగా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. చవగ్గా దొరికిన రేడియేటర్ దేనితో చేశారో అడగండి. రాగి, ఇత్తడి అయితేనే కొనండి.

నింపేటప్పుడు మదర్‌బోర్డుకి, కార్డుకి కరెంట్ ఇవ్వకండి. పవర్ సప్లై నుంచి పంపుకి మాత్రమే కరెంట్ ఇచ్చి, ప్రతి జాయింట్ కింద టిష్యూ పేపర్ పెట్టి, ఒక పగలు ఒక రాత్రి తిప్పండి. పేపర్ పొడిగా ఉంటేనే మిగతా కనెక్షన్లు. అద్దె ఇంట్లోనో, పెళ్ళి ఆర్డర్ రేపు ఇవ్వాల్సి ఉన్నప్పుడో ఈ పని మొదలుపెట్టొద్దు.

ఇంతకీ తమ్ముడు కొనాలా వద్దా?

తమ్ముడూ, ఇప్పుడే ఆర్డర్ పెట్టకు. ముందు హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెట్టి రెండర్ చేస్తూ ప్రాసెసర్, కార్డు టెంపరేచర్లు రాసుకో. ఆఫ్ అయ్యేముందు టెంపరేచర్ ఎక్కడా పెరగకపోతే తప్పు పవర్ సప్లైదో, ఇంటి కరెంటుదో కావచ్చు. అప్పుడు ఏ లూపూ దాన్ని బాగుచేయదు.

నిజంగా వేడే కారణం అయితే దుమ్ము తీసి, థర్మల్ పేస్ట్ మార్చు. గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్ 20 శాతం తగ్గించు. 220 వాట్లు 176కి వస్తాయి, రెండర్ స్పీడు మాత్రం అంత తగ్గదు. ఆ తర్వాత సిస్టమ్‌ని కింది గదికి మార్చు. అక్కడ 36 ఉంటే చిప్ కూడా దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. కిటికీలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టు. గాలితో చల్లబరిచినా నీళ్ళతో చల్లబరిచినా ఆ 340 వాట్లు నీ గదిలోకే వస్తాయి, మూడు గంటల రెండర్ అంటే ఒక యూనిట్ కరెంటు మొత్తం వేడిగా నీ చుట్టూ చేరుతుంది. దాన్ని బయటికి పంపకపోతే లూప్ కూడా ఆ వేడిలోనే నడవాలి.

ఇవన్నీ చేశాక కూడా ఫ్యాన్ల మోత భరించలేకపోతున్నా, రోజంతా రెండర్లు నడపాలన్నా, అప్పుడు 5 సెక్షన్ల లూప్ కట్టు, నేను కాదనను. అప్పటికీ కాగితం మీద మొదటి లైన్‌లో పార్ట్ పేరు రాయొద్దు. మే నెల, మధ్యాహ్నం 3 గంటలు, గదిలో ఇన్ని డిగ్రీలు అని రాసుకో. రెండో లైన్‌లో వాట్లు. రేడియేటర్ సైజు ఆ రెండిట్లోంచే వస్తుంది.

మీ గది టెంపరేచర్, మీ సిస్టమ్ వాట్లు పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్నిటికి కలిసి లెక్కలు వేద్దాం. ఉంటానండి.