ముందే ఉడికిన గింజ

ఉయ్యూరు కిరాణా కొట్లో కొన్న గోధుమ రవ్వను వేడినీళ్లలో నానబెట్టి టర్కీ వాళ్ల ‘కిసిర్’ కలుపుదామంటే కుదరదు. ఎంతసేపు నానినా లోపల పచ్చిపిండి రుచి పోదు. టర్కీ ఇల్లాలు మాత్రం సన్న బుల్గుర్ మీద మరిగిన నీళ్లు పోసి మూత పెట్టి వేరే పని చూసుకుంటుంది. కాసేపటికి అది పొడిపొడిగా ఉబ్బి ఉంటుంది. దానికి టమాటా ముద్ద, ఎర్ర మిరప ముద్ద, ఉల్లికాడలు, పుదీనా, పార్స్‌లీ ఆకు, ఆలివ్ నూనె పట్టించి, నిమ్మరసమో దానిమ్మ పులుసో పోసి చేత్తో కలుపుతుంది. సాయంత్రం టీకి ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరితే ఆ పళ్లెం ఉండాల్సిందే.

రెండూ గోధుమలే. కాకపోతే బుల్గుర్ కొట్టుకు రాకముందే ఒకసారి ఉడికింది. కోతలయ్యాక గోధుమల్ని పెద్ద కాగుల్లో ఉడికించి, మేడల మీద ఎండబోసి, పైపొట్టు కొంత తీసి, విరగగొట్టి జల్లిస్తారు. సన్నది కిసిర్‌కు, లావుది పులావుకు.

పచ్చి గింజలో పిండి పదార్థం చిన్న చిన్న రేణువులుగా, గట్టిగా పేర్చినట్టు ఉంటుంది. చల్లటి నీళ్లు అందులోకి పెద్దగా చొరబడలేవు. తడి ఉండి, వేడి సుమారు 60 డిగ్రీలకు చేరితే గోధుమ రేణువులు ఉబ్బి ఆ పేర్పు చెదిరిపోతుంది. దీన్నే జెలటినీకరణ అంటారు. తర్వాత ఎండబెట్టినా పాత అమరిక తిరిగి రాదు కాబట్టి రెండోసారి నీళ్లు తగిలితే చాలు, పీల్చేసుకుంటుంది. అయితే చల్లారేటప్పుడు పిండి పదార్థంలోని అమైలోజ్ అనే గొలుసులు కొన్ని మళ్లీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. బుల్గుర్ ముద్ద కాకుండా పలుకుగా నిలవడానికి అదొక కారణం. అలా అతుక్కున్న భాగంలో కొంత చిన్నపేగులో అరగదు కూడా.

మన అటుకులదీ ఇదే కథ. నానిన వడ్లను వేయించి, వేడి మీదే దంచుతారు. గింజ అప్పుడే ఉడికిపోతుంది. అందుకే అటుకుల పులిహోరకు అటుకుల్ని తడిపితే చాలు. కానీ బుల్గుర్‌కు అసలైన తోబుట్టువు ఉప్పుడు బియ్యం. మిల్లులో వడ్లను వేడినీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి, ఆవిరి పట్టి, తేమ 14 శాతానికి దిగేదాకా ఆరబెట్టి, అప్పుడు మర పడతారు. ఏప్రిల్, మే ఎండల్లో కోతకొచ్చే దాళ్వా వడ్లు లోలోపల పగుళ్లిస్తాయి. పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ. ఆవిరికి ఉబ్బిన పిండి ఆ పగుళ్లను పూడ్చేస్తుంది, గింజ నిండుగా దిగుతుంది. తవుడులోని కొవ్వును చెడగొట్టే ఎంజైమ్ కూడా ఆ వేడికి చచ్చిపోతుంది కనుక నూనె మిల్లులకు ఈ తవుడంటే ఇష్టం.

ఇంత చేసి ఉప్పుడు బియ్యాన్ని మనం తినేది లేదు. ఆ వాసన, ఆ పసుపు రంగు మన విస్తట్లోకి ఎక్కవు. కేరళ వాళ్లకు అదే అన్నం. నా మట్టుకు ఇది ఉత్త అలవాటు, రుచి తర్కానికి లొంగేది కాదు. అయితే ఒకప్పుడు ఈ అలవాటుకు కోస్తా ప్రాణాలతో మూల్యం చెల్లించింది.

తెల్లగా పాలిష్ చేసిన పచ్చిబియ్యమే ప్రధాన ఆహారమైన చోట బెరిబెరి పట్టుకునేది. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు నీరుపట్టి, చివరికి గుండె ఆగిపోయే జబ్బు. మనదేశంలో దానికి పేరుపడ్డ ప్రాంతం ఉత్తర సర్కారులు, అంటే మచిలీపట్నం మొదలు గంజాం దాకా ఉన్న మన తీరమే. 1835లోనే మద్రాసు సైన్యపు వైద్యుడు జాన్ మాల్కంసన్ ఈ జబ్బు మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. కారణం మాత్రం ఇంకా చాలాకాలం చిక్కలేదు. 1905లో విలియం ఫ్లెచర్ అనే వైద్యుడు కౌలాలంపూర్ పిచ్చాసుపత్రిలో సగంమందికి తెల్లబియ్యం, సగంమందికి ఉప్పుడు బియ్యం పెట్టించాడు. తెల్లబియ్యం తిన్నవాళ్లలో 18 మంది బెరిబెరితో చనిపోయారు. రెండో జట్టులో ఒక్క చావూ లేదు.

రహస్యం తవుడు పొరలోని థయమిన్ అనే విటమిన్. వడ్లు నానేటప్పుడు, ఆవిరి పట్టేటప్పుడు అది నీటితో పాటు గింజ లోపలికి ఇంకుతుంది. పైపొర తీసేసినా కొంత మిగులుతుంది. బియ్యం కడిగినా, గంజి వార్చినా పచ్చిబియ్యంలో పోయినంతగా పోదు. కూనూరు పోషకాహార పరిశోధనశాలలో శాస్త్రవేత్త ఆక్రాయిడ్ బృందం 1930లలో ఈ లెక్కలే తేల్చింది. ఆ సంస్థే 1958లో హైదరాబాద్‌కు తరలి, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఇవాళ పప్పు, కూర, గుడ్డు ఉన్న కంచానికి ఆ భయం లేదు.

కిసిర్ తినాలనిపిస్తే బుల్గుర్ ఇంట్లోనే చేసుకోవచ్చు. గోధుమలు కడిగి ఉడికించి, గింజ మెత్తబడ్డాక, పగలకముందే దింపాలి. నీళ్లు వార్చకుండా అందులోనే ఇంకిపోయేలా కొలిచి పోస్తే విటమిన్లు పారబోసినట్టు కాదు. మేడ మీద పల్చగా పరిచి గలగలలాడేలా ఎండబెట్టాలి. దివిసీమ వైపు సముద్రపు గాలి తేమకు గింజ పులిసిపోతుంది, బూజు పడుతుంది. అందుకని వడగాలి రోజులే మేలు. ఎండాక కాస్త తడిచేత్తో నలిపి పొట్టు చెరిగి, పిండిమరలో ‘రవ్వగా పట్టు’ అని చెప్పి, సన్నజల్లెడ పట్టండి. కింద రాలిన సన్నరవ్వ కిసిర్‌కు, పైన మిగిలిన లావుది ఉప్మాకు పనికొస్తుంది.