రాతిలో నిలిచిన జాతి

నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు పోయేవారికి ఊరు సమీపించగానే ఉలి చప్పుడు వినవస్తుంది. దారి ప్రక్కన నల్లరాతి దిమ్మెలు, సగం తేలిన నందులు, ఇంకా కన్ను తెరవని దేవతలు వరుసగా నిలిచి ఉంటారు. ఈ ఊరి శిల్పుల పని దూరదూరపు ఆలయాలకు పోతున్నది. భౌగోళిక గుర్తింపును కూడా పొందినది. శిల్పి తన పని ముగించినంత మాత్రాన రాయి దైవము కాదు. మంత్రపూర్వకముగా ప్రతిష్ఠ జరుగవలెను. అప్పటివరకు అది అంగడి సరుకే.

ఇటువంటి ఆచారమే గల మరొక జాతి పశ్చిమాసియా కొండలలో ఉన్నది. ఆర్మేనియనులు నిలువెత్తుకు కొంచెము తక్కువగా ఒక రాతి పలకను తీసుకొని, దాని నడుమ శిలువను చెక్కుతారు. వారి భాషలో ‘ఖచ్’ అనగా శిలువ, ‘కార్’ అనగా రాయి. ఆ శిలను ఖచ్‌కార్ అంటారు. శిలువ అన్న మాట విని, మేకులు కొట్టిన కొయ్యను, దానిపై వ్రేలాడే దేహాన్ని ఊహించుకొనేవారు దానిని చూచి ఆశ్చర్యపోతారు. చాలా శిలల మీద మనిషి రూపమే ఉండదు. శిలువ అడుగునుండి ఆకులు మొలుస్తాయి, కొమ్మలు సాగుతాయి, ద్రాక్షగుత్తులు వ్రేలాడుతాయి. క్రింద సూర్యచక్రము. చుట్టూ అంచున నూలు అల్లినట్లు సన్నని అల్లిక. ఒక ఖచ్‌కార్ మరొకదానిని పోలి ఉండదని ప్రతీతి. చెక్కడము ముగిసిన తరువాత గురువు వచ్చి ఆశీర్వదించి, తైలముతో అభిషేకించి నిలబెడతాడు. నాటినుండి ఆ రాతికి మహిమ వచ్చినదని జనము నమ్ముతారు. ఈ మాట ఆళ్ళగడ్డలో ఎవరికైనా విడమరచి చెప్పనక్కరలేదు. 2010లో యునెస్కో ఈ కళను మానవజాతి వారసత్వములలో ఒకటిగా చేర్చినది. ఆర్మేనియాలో ఇటువంటి శిలలు 50,000కు పైగా ఉన్నవని అంచనా.

ఆర్మేనియనులు క్రైస్తవమును రాజ్యమతముగా స్వీకరించిన మొదటి జాతి. అందుకు సంప్రదాయము చెప్పే సంవత్సరము 301. వారి భాషకు లిపి 405లో ఏర్పడినది. మెస్రోప్ మాష్తోత్స్ అనే సన్యాసి 36 అక్షరాలను కూర్చినాడు. ఆ మహానుభావుని ఆర్మేనియనులు ఋషితుల్యునిగా కొలుస్తారు. ఇది తెలుగువారికి, అందులోను రేనాటివారికి, సులభముగా బోధపడే విషయము. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనాలు ఆరవ శతాబ్దిలో ఈ రేనాటి చోళులు వేయించినవే కదా. కలమళ్ళ శాసనకాలమును 575 ప్రాంతమని పండితులు నిర్ణయించినారు. మనకు అక్షరము మొదట రాతిమీద దొరికినది. వారికి అక్షరమూ, రాయీ రెండే మిగిలిన కాలము వచ్చినది. భేదము అక్కడ ఉన్నది.

ఆ కాలము 1604లో మొదలైనది. అరాస్ నది ఒడ్డున జుల్ఫా అనే వర్తకపట్టణము ఉండేది. తురుష్క సుల్తానునకు, పారశీక చక్రవర్తి షా అబ్బాసునకు జరుగుతున్న యుద్ధములో ఆ ఊరు సరిహద్దున పడినది. శత్రువు చేతికి చిక్కకూడదని షా అబ్బాసు ఊరిని ఖాళీ చేయించి తగులబెట్టించినాడు. జనాన్ని నది దాటించి తోలుకొనిపోయినప్పుడు ఎందరో నీటిలోనే పోయినారు. బ్రతికినవారికి ఇస్ఫహాన్ నగరము ప్రక్కన స్థలమిచ్చినాడు. వారు ఆ పేటకు కూడా జుల్ఫా అనే పేరు పెట్టుకొన్నారు. పట్టువర్తకములో వారి నేర్పు షాకు కావలెను. అందువలననే ఆ దయ. వారు అక్కడ చర్చిలు కట్టినారు, 1638లో కీర్తనల గ్రంథము అచ్చువేసినారు. ఇరాన్ దేశములో అచ్చుయంత్రానికి అదే ఆరంభము.

ఆ కొత్త జుల్ఫా వర్తకులను తెలుగుదేశానికి ఈడ్చుకొనివచ్చినది ఈ నేలలోని వజ్రము. నంద్యాల సమీపమున గాజులపల్లె దగ్గరి వాగులో నేటికీ తొలకరి వానలు వెలిసిన తరువాత జనము వంగి రాళ్ళు ఏరుతూ కనిపిస్తారు. బనగానపల్లె గనులు ప్రసిద్ధములు. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దిలో చూచి వర్ణించిన ‘రావొల్కొండ’ గని కర్నూలు దగ్గరి రామళ్ళకోటయేనని కొందరు పండితుల మతము. గనులు ఎక్కడివైనా, రాయి మాత్రము గోల్కొండ వజ్రమన్న పేరుతోనే లోకమంతా తిరిగినది. రష్యా రాణి రెండవ కేథరిన్ రాజదండములో పొదిగిన ఓర్లోవ్ వజ్రము కూడా గోల్కొండదే అంటారు. అది ఓర్లోవ్ ప్రభువునకు చేరినది లాజరెవ్ అనే జుల్ఫా ఆర్మేనియనుని ద్వారా. ఆ లాజరెవ్ కుటుంబపు ధనముతో 1815లో మాస్కోలో ఏర్పడిన విద్యాలయము తరువాత ప్రాచ్యభాషలకు పుట్టినిల్లయినది.

వీరి వర్తకవిధానము ముచ్చటైనది. జుల్ఫాలో ఉన్న ధనికుడు పెట్టుబడి ఇస్తాడు. యువకుడైన ప్రతినిధి దానిని పట్టుకొని బయలుదేరుతాడు. ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి, కొన్నదీ అమ్మినదీ చిట్టాలో వ్రాసి, చివరకు ఇంటికి వచ్చి లెక్క ఒప్పగించవలెను. లాభములో అతనికి ఒక వంతు. 1682లో బయలుదేరిన హొవానెస్ అనే ప్రతినిధి ఆగ్రా, పాట్నాల మీదుగా లాసా వరకు పోయి అక్కడ అయిదేండ్లున్నాడు. అతని చిట్టా ఇప్పటికీ లిస్బన్‌లో భద్రముగా ఉన్నది. ఇటువంటివారి కోసము లోకములోని తూకాలు, కొలతలు, నాణేలు వివరించే పుస్తకాన్ని 1699లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆర్మేనియన్ భాషలో అచ్చువేసినారు. పెద్దబాలశిక్షలో తూకాలు, కొలతలు వల్లించిన తెలుగువానికి ఆ పుస్తకము చూడగానే చుట్టరికము తోచును.

బందరు రేవులో 17వ శతాబ్ది నుండి ఆర్మేనియన్ వర్తకులుండిరి. వజ్రముతో పాటు అద్దకపు గుడ్డ కూడా వారి సరుకు. ఆర్మేనియన్ చర్చిలలో బలిపీఠము ముందు వేసే తెరలు కొన్ని కోరమాండల్ తీరములో అద్దించినవి. ఏసు, మరియమ్మ, పరిశుద్ధ గ్రెగొరీల బొమ్మలకు రంగులు దిద్దిన చేతులలో తెలుగు చేతులూ ఉండి ఉండవచ్చును. హైదరాబాదులో కుతుబ్‌షాహీల కాలపు ఆర్మేనియన్ సమాధులు ఉప్పుగూడలో ఉన్నవి. వాటి మీద మాష్తోత్స్ అక్షరాలే. అబ్దుల్లా కుతుబ్‌షా కాలములో ఈ నగరములో కొంతకాలమున్న సూఫీ కవి సర్మద్‌ను కూడా కొందరు ఆర్మేనియను అన్నారు. ఆయనను చూచిన సమకాలికుడు యూదుడని వ్రాసినాడు గనుక ఆ గౌరవాన్ని ఆర్మేనియనులకు కట్టబెట్టుట న్యాయము కాదు. వారికి పరుల గొప్ప అవసరము లేదు.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైనది. మరుసటి ఏడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ లండన్‌లో ఆర్మేనియనులతో ఒక ఒడంబడిక చేసుకొన్నది. కంపెనీ పట్టణములో ఎక్కడైనా 40 మంది ఆర్మేనియనులు స్థిరపడితే వారికి కొయ్యతో చర్చి కట్టించి, వారి గురువునకు ఏడు సంవత్సరాలపాటు ఏటా 50 పౌనులు ఇవ్వవలెనన్నది అందులో ఒక షరతు. చెన్నపట్నము పెరిగిన కొద్దీ వర్తకులు అక్కడికి చేరినారు.

చెన్నపట్నపు ఆర్మేనియనులలో ఖోజా పెట్రస్ ఉస్కాన్ కథ వినదగినది. 1726లో అడయారు నది మీద సొంత ధనముతో వంతెన కట్టించి, మరమ్మతులకు కూడా నిధి ఏర్పాటు చేసినాడు. పరంగిమల ఎక్కేవారికి మెట్లు వేయించినాడు. ఆ వంతెన స్థానములో 1960లలో వేరొకటి వచ్చినది గాని పాత శిలాఫలకము ఇంకా ఉన్నది. 1746లో ఫ్రెంచివారు పట్టణాన్ని పట్టుకొని అతని ఆస్తిని స్వాధీనము చేసుకొన్నారు. తమ పక్షము వహిస్తే తిరిగి ఇస్తామన్నారు. అతడు ఒప్పుకొనలేదు. 1751లో మరణించినప్పుడు దేహమును చెన్నపట్నములోనే పూడ్చినారు; గుండెను మాత్రము పెట్టెలో పెట్టి, అతని కోరిక ప్రకారము జుల్ఫాకు పంపినారు. ఆ జుల్ఫా అయినా పూర్వులు వెళ్ళగొట్టబడి చేరిన ఊరే గాని సొంత ఊరు కాదు.

ఇక అచ్చు సంగతి. షాహమీర్ షాహమీరియన్ జుల్ఫాలో 1723లో పుట్టి చెన్నపట్నములో గొప్ప వర్తకుడైనాడు. 1770ల ఆరంభములో ఇక్కడ ఆర్మేనియన్ ముద్రణాలయము స్థాపించినాడు. 1772లో వెలువడిన ఒక గ్రంథము నిద్రపోతున్న ఆర్మేనియన్ యువకులను మేలుకొనుమని హెచ్చరించినది. మతపీఠాధిపతి సిమియోన్‌కు అది రుచించలేదు. ప్రతులను కాల్చివేయుమని ఆజ్ఞాపించినాడు. అంతటితో షాహమీరియన్ ఆగలేదు. ముఖపత్రము మీద 1773 అని ఉన్న మరొక గ్రంథములో స్వతంత్ర ఆర్మేనియాకు రాజ్యాంగమునే వ్రాయించినాడు. రాజు మాట కాదు, ప్రజలు ఎన్నుకొన్న సభ చేసిన చట్టము చెల్లవలెనన్నాడు. అందులో 521 అధికరణములున్నవి. అప్పటికి ఆర్మేనియా అనే రాజ్యము భూమి మీద ఎక్కడా లేదు. లేని రాజ్యానికి సముద్రతీరములో, ఇసుకనేల మీద, పరదేశపు కోట నీడలో కూర్చుండి ఒక వర్తకుడు రాజ్యాంగమును అచ్చువేయించినాడు. వజ్రాలు ఎక్కడికి పోయినవో లెక్కించేవారు చాలామంది ఉన్నారు. ఆ వర్తకపు ధనము ఈ పనికి కూడా ఖర్చు అయినదని గుర్తుంచుకొనేవారు తక్కువ.

ఆ తరువాత హరుత్యూన్ ష్మావొనియన్. ఇతడు షీరాజ్ నగరానికి చెందిన గురువు. ఒక్క వారములో ఇద్దరు కుమారులు చనిపోయినారు. దుఃఖముతో ఏకాంతానికి పోయి ఏడేండ్లు పారశీక దర్వేషుల వద్ద విద్య నేర్చినాడు. 1784లో చెన్నపట్నపు ఆర్మేనియనులకు గురువై వచ్చినాడు. పదేండ్లకు, 1794 అక్టోబరులో, ‘అజ్దరార్’ అనే మాసపత్రికను ప్రారంభించినాడు. ప్రపంచములోనే తొలి ఆర్మేనియన్ పత్రిక అది. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, దేశవార్తలు, చరిత్ర వ్యాసాలు అందులో ఉండేవి. చందాదారులు కొద్దిమందే. 18 సంచికలు వెలువడి 1796లో ఆగిపోయినది. తెలుగులో తొలి పత్రికలుగా చెప్పుకొనే బళ్ళారి ‘సత్యదూత’, చెన్నపట్నపు ‘వృత్తాంతిని’ పుట్టుటకు అప్పటికి ఇంకా నాలుగు దశాబ్దులు కావలసియున్నది. తెలుగువారు కిక్కిరిసి ఉన్న పట్టణములో, వేళ్ళమీద లెక్కింపదగినన్ని కుటుంబాలవారు తమ భాషలో పత్రిక నడుపుకొన్నారు. మన పూర్వులు వీధిలో ఆ అచ్చుకూటము ప్రక్కనుండి నడిచి పోయి ఉంటారు.

ఆర్మేనియా గడ్డ మీద మిగిలినవారి చరిత్ర ఇంతకంటె కఠినమైనది. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్ రచయితలను, విద్వాంసులను నిర్బంధించుటతో మొదలైన హత్యాకాండలో, ఎడారి ప్రయాణాలలో చనిపోయినవారు 10 లక్షలకు మించినారని చరిత్రకారులలో అధికసంఖ్యాకులు అంటారు. ఆ మారణకాండకు జాతిసంహారమన్న పేరును తుర్కీ ప్రభుత్వము ఈనాటికీ అంగీకరింపలేదు. వారికి పవిత్రమైన అరరాత్ పర్వతము తుర్కీలో ఉండిపోయినది. యెరెవాన్ నగరవాసులకు అది కిటికీలోనుండి కనిపిస్తుంది, కాని సరిహద్దు అవతల. 1991లో స్వతంత్ర ఆర్మేనియా ఏర్పడినది. 2023 సెప్టెంబరులో నాగోర్నో కారబాఖ్ నుండి లక్షమందికి పైగా ఆర్మేనియనులు మూటముల్లెలతో మరల దారి పట్టినారు.

పాత జుల్ఫా మాట మిగిలియున్నది. 1604లో జనము వెళ్ళగొట్టబడినా, వారి శ్మశానము అరాస్ ఒడ్డుననే ఉండిపోయినది. 17వ శతాబ్దిలో ఒక యాత్రికుడు అక్కడ 10,000 శిలలున్నవని వ్రాసినాడు. తరువాతి కాలములో తరిగిపోయినా వేలలోనే ఉండెను. ఆ స్థలము నేడు అజర్‌బైజాన్ పాలనలోని నఖిచెవాన్‌లో ఉన్నది. 1998 నుండి విడతలుగా వాటిని కూలద్రోసినారు. 2005 డిసెంబరులో సైనికులు సమ్మెటలతో ఖచ్‌కార్‌లను పగులగొట్టి, ముక్కలను నదిలోనికి త్రోయుట ఆవలి ఒడ్డున ఇరాన్ నుండి చిత్రించినవారున్నారు. అజర్‌బైజాన్ ప్రభుత్వము అట్లు జరుగలేదన్నది. ఇప్పుడు అక్కడ చదును చేసిన నేల మాత్రమే ఉన్నది. ఒక్క శిలకు ఎన్ని నెలల ఉలిపని పట్టునో ఆళ్ళగడ్డవారు లెక్క చెప్పగలరు.

జుల్ఫా నుండి బయలుదేరినవారి రాళ్ళు మాత్రము ఇక్కడ నిలిచియున్నవి. చెన్నపట్నపు ఆర్మేనియన్ వీధిని తమిళులు అరణ్మనైకారన్ వీధి అంటారు. ‘ఆర్మేనియన్’ అన్న మాట నోట తిరుగక అట్లు మారినది. వినేవారికి అది రాజప్రాసాదమువారి వీధి అన్నట్లు తోచును. 1712లో మొదట కట్టి 1772లో పునర్నిర్మించిన పరిశుద్ధ మరియమ్మ చర్చి ఆ వీధిలో ఉన్నది. ఆ పట్టణములో ఆర్మేనియన్ కుటుంబాలు ఇప్పుడు దాదాపు లేనట్లే. ప్రాంగణములో సుమారు 350 సమాధులు. ష్మావొనియన్ 1824 నుండి అక్కడే ఉన్నాడు. పలకలలో చాలవరకు నేలకు సమముగా పరచినవి. చూడవచ్చినవారు వాటి మీదుగానే నడుస్తారు, అక్షరాలు అరిగిపోతున్నవి.