మంత్రి కాని మంత్రాంగం

మంత్రి అంటే ఎవరో మనందరికీ తెలుసు. చట్టసభలో సభ్యుడై ఉండాలి, గవర్నరు ఎదుట ప్రమాణం చెయ్యాలి, శాసనసభకు జవాబు చెప్పాలి. మరి ప్రభుత్వ సలహాదారు? ఆయనకు ఓటు అడిగే పని లేదు, మంత్రిగా ప్రమాణమూ లేదు. కేబినెట్ హోదా మాత్రం ఉండొచ్చు. మా రైతుల లెక్కలో చెప్పాలంటే, కాలువ తూము ఎత్తేది లస్కరే. ఎత్తమని చెవిలో చెప్పిందెవరో ఏ పుస్తకంలోనూ ఉండదు. శివారు చేనుకు నీరందకపోతే అందరూ లస్కరునే నిలదీస్తారు.

దీనికి ఉదాహరణ మన పొరుగునే ఉంది. డా. కె.వి.పి. రామచంద్రరావు గారు కొల్లేటికి అవతలి కృష్ణా జిల్లా వారు. గుల్బర్గా వైద్య కళాశాల రోజుల నుంచీ డా. వై.యస్. రాజశేఖరరెడ్డి గారికి స్నేహితులు. 2004లో రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యాక ఈయన ప్రభుత్వ సలహాదారు అయ్యారు. 2008 నుంచి 2020 వరకు రాజ్యసభలో ఉన్నారు.

2014 ఏప్రిల్ 2న అమెరికా న్యాయశాఖ ఒక అభియోగపత్రాన్ని బయటపెట్టింది. మన సముద్రతీరపు ఇసుకలో ఇల్మనైట్ అనే నల్ల ఖనిజం ఉంది. దాని నుంచి టైటానియం తీస్తారు. ఉక్కు కంటే తేలిక, తుప్పుకు లొంగదు గనుక విమానాల తయారీకి అది కావాలి. ఆ తవ్వకాల లైసెన్సుల కోసం కోటీ 85 లక్షల డాలర్ల లంచాలకు కుట్ర జరిగిందని అభియోగం. ఉక్రెయిన్ వ్యాపారి డిమిట్రో ఫిర్తాష్‌తో సహా ఆరుగురి పేర్లున్నాయి. అందులో రామచంద్రరావు గారి పేరు ఒకటి. ఆయన ఆ ఆరోపణను ఖండించారు. ఆ కేసులో ఏ కోర్టూ ఆయన్ని దోషిగా తేల్చలేదు.

అభియోగానికీ తీర్పుకూ తేడా ఉంది గదా! అక్కడి గ్రాండ్ జ్యూరీ వినేది ప్రాసిక్యూషను చూపే సాక్ష్యాన్నే. ఎదుటివారి వాదన కోర్టు విచారణలో గాని రాదు. మనిషిని అప్పగించాలంటే, 1997 నాటి భారత–అమెరికా ఒప్పందం ప్రకారం ఆ పని రెండు దేశాల్లోనూ నేరమై ఉండాలి. లంచం మన దగ్గరా నేరమే. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ప్రభుత్వ జీతం తీసుకొనే ఎవరికైనా వర్తిస్తుంది.

మరి చిక్కెక్కడ? సలహా నోటిమాటగా మిగిలిపోవడంలో. తప్పు జరిగితే సంతకం పెట్టిన అధికారే దొరుకుతాడు. తప్పు జరగకపోతే, నిందపడిన సలహాదారుకు "నేను చెప్పింది ఇదీ" అని చూపడానికి కాగితం ఉండదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం సలహాలను కూడా సమాచారంలోనే చేర్చింది. కాని రాయని సలహాను ఏ దరఖాస్తు బయటికి తీస్తుంది?

కొల్లేటి సంగతే చూడండి. 1999 ఉత్తర్వులో ఐదో కాంటూరు అని రాసి ఉంది. కనుకనే 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించినప్పుడు, దాన్ని మూడో కాంటూరుకు తగ్గించమని అడగడానికి మనవాళ్ళకు వీలయింది. రాసిన మాటతో పోట్లాడవచ్చు. చెవిలో చెప్పిన మాటతో ఎవరు పోట్లాడగలరు? అందుకే సలహాదారు మాట కూడా తేదీతో, సంతకంతో ఫైల్లో ఉండాలి. అది ప్రజలకూ రక్షణ, ఆయనకూ రక్షణ.